సికిల్ సెల్ రోగుల ఒంట్లో చేరుతున్న ఇనుమును కొలిచేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఏటా జూన్ 19న, ప్రపంచ సికిల్ సెల్ దినం నాడు, పత్రికలన్నీ, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే ఈ వంశపారంపర్య జబ్బు గురించి రాస్తాయి. ఎంతమందికి పరీక్షలు చేశారు, ఎన్ని కార్డులు ఇచ్చారు, పెళ్లికి ముందు ఆ కార్డులు ఎందుకు చూసుకోవాలి అన్న విషయాలు వివరంగా వస్తాయి. అవన్నీ జనానికి తెలియాల్సినవే. కానీ జబ్బు ఉందని ఎప్పుడో తేలిపోయి, ఏళ్ల తరబడి రక్తం ఎక్కించుకుంటూ బతుకుతున్న వాళ్ల సంగతి ఆ వార్తల్లో పెద్దగా కనిపించదు. ఈ ఉత్తరం వాళ్ల కోసం రాస్తున్నాను. ఎక్కించిన రక్తంతో పాటు ఇనుము వాళ్ల కాలేయంలోకి, కొందరికి గుండెలోకి కూడా చేరుతోంది. దాన్ని సూది గుచ్చకుండా కొలిచే పరీక్ష ఉంది. ఆ పరీక్ష చేయగల మిషన్లు మన నగరాల్లో తిరుగుతూనే ఉన్నాయి. కొలవడం మాత్రం జరగట్లేదు.

నేను విశాఖపట్నంలో ఎంఆర్‌ఐ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు దాటాక వచ్చే ఒక కొండ ఊరు. మా చెల్లికి సికిల్ సెల్ ఉంది. కాబట్టి ఈ విషయం నాకు రెండు వైపుల నుంచీ తెలుసు. ఇంట్లో రోగి పక్కన కూర్చున్న మనిషిగా తెలుసు, స్కాన్ గదిలో మిషన్ ముందు కూర్చున్న మనిషిగానూ తెలుసు.

చెల్లి ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతి చదువుతుండగా ఒక ఉదయం ప్రార్థన వేళ కుడి చెయ్యి వాలిపోయింది, మాట ముద్దగా వచ్చింది. ఎండకు కళ్లు తిరిగాయేమో అనుకుని పడుకోబెట్టారట. విశాఖ తీసుకొచ్చాక పక్షవాతం అన్నారు. అంత చిన్నపిల్లకు పక్షవాతమేమిటని మా అమ్మ ఎంతకీ నమ్మలేదు. సికిల్ సెల్ పిల్లల్లో అది అరుదేమీ కాదు. కొడవలిలా వంకర తిరిగిన ఎర్ర కణాలు మెదడుకు వెళ్లే రక్తనాళాలను దెబ్బతీస్తాయి, సన్నబరుస్తాయి. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రాకుండా ఉండాలంటే మంచి రక్తం క్రమం తప్పకుండా ఎక్కిస్తూ, వంకర కణాల శాతాన్ని తగ్గించి ఉంచాలి. చెల్లికి అప్పటి నుంచి నెలనెలా రక్తం ఎక్కిస్తూనే ఉన్నారు. రెండోసారి పక్షవాతం రాలేదు. చెయ్యి చాలావరకు తిరిగొచ్చింది, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. రక్తం ఇచ్చిన ముక్కూమొహం తెలియని మనుషులందరికీ మా ఇల్లు రుణపడి ఉంది. ఈ ఉత్తరం చదివి ఎవరూ రక్తం ఎక్కించడమే తప్పని అనుకోకూడదు. అందుకే ఈ మాట ముందే చెబుతున్నాను.

ఇక ఇనుము సంగతి. ఒక యూనిట్ ఎర్ర కణాల్లో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మన ఒంటి నుంచి రోజుకు బయటికి పోయేది ఒకటి, మహా అయితే రెండు మిల్లీగ్రాములు. అంతకు మించి వదిలించుకునే దారి శరీరానికి లేదు. నెలకు రెండు యూనిట్ల చొప్పున ఎక్కించుకునే మనిషికి ఏడాది తిరిగేసరికి దాదాపు 5 గ్రాముల ఇనుము వచ్చి చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషి ఒళ్లంతా కలిపి ఉండేదే 3 నుంచి 4 గ్రాములు. అంటే ఒక్క ఏడాదిలో ఇంకో మనిషికి సరిపడా ఇనుము లోపలికి వెళ్లి కూర్చుంటుంది. మొదట కాలేయం దాచుకుంటుంది. అక్కడ నిండిపోయాక, రక్తంలో ఇనుమును మోసే ప్రొటీను కూడా చాలనప్పుడు, విడి ఇనుము గుండె కండరంలోకి, క్లోమంలోకి, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలోకి చొరబడుతుంది. నెలనెలా రక్తంతోనే బతికే తలసీమియా (ఇదీ వంశపారంపర్య రక్త జబ్బే) పిల్లల్లో షుగరు రావడానికి, ఎదుగుదల ఆగిపోవడానికి, చివరికి గుండె ఫెయిల్ కావడానికి కారణం ఇదే.

రోగులకు ఇందులో తెలిసేది ఏమీ ఉండదు. కాలేయంలో ఇనుము నిండినా నొప్పి పుట్టదు. సికిల్ సెల్ వాళ్ల కళ్లు ఎలాగూ పచ్చగానే ఉంటాయి కాబట్టి ఇంట్లోవాళ్లకూ అనుమానం రాదు. మా వైపు పచ్చకళ్లు చూడగానే కామెర్లని పసరు మందుకు తీసుకెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇనుము ఎంతుందో చూడ్డానికి ఆసుపత్రుల్లో రాసే పరీక్ష ఫెర్రిటిన్. రక్త పరీక్షే, చవక కూడా. తలసీమియాలో అది కాస్త నమ్మదగ్గ లెక్కే. సికిల్ సెల్‌లో మాత్రం దాన్నొక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే మోసపోతాం. ఒంట్లో ఎక్కడ వాపు వచ్చినా, జ్వరం తగిలినా, నొప్పులు తిరగబెట్టినా ఫెర్రిటిన్ దానంతటదే పెరిగిపోతుంది. సికిల్ సెల్ వాళ్లకు నొప్పులు లేని నెలలు ఎన్ని ఉంటాయి? చెల్లికి ఒళ్లునొప్పులతో అడ్మిట్ చేసినప్పుడు ఫెర్రిటిన్ 4,800 వచ్చింది. ఇంటికొచ్చి కుదుటపడ్డాక చేయిస్తే 2,900. ఇనుము తీసే మందు మారలేదు, రక్తం ఎక్కించడం ఆగలేదు. మొదటి రిపోర్టు చూసిన డాక్టరు ఆ మాత్రల మోతాదు పెంచమన్నారు, రెండోది చూసిన డాక్టరు తగ్గించమన్నారు. ఇద్దరూ తమ ముందున్న కాగితాన్ని బట్టే చెప్పారు, వాళ్లనేమీ అనను. ఆ కాగితంతో అంతకు మించి తెలియదు.

ఎంఆర్‌ఐతో తెలుస్తుంది. అయస్కాంత క్షేత్రంలో ఇనుము దాక్కోలేదు. ఇనుము ఉన్నచోట సిగ్నల్ తొందరగా చచ్చిపోతుంది. ఎంత తొందరగా పోతోందో కొలిచే లెక్కనే మేం టీ2 స్టార్ అంటాం. దాన్ని మిల్లీసెకన్లలో చెబుతారు. అంకె ఎంత తగ్గితే ఇనుము అంత ఎక్కువున్నట్టు. లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రి వైద్యులు 2001లో ఈ పద్ధతిని తలసీమియా రోగుల గుండెల మీద చూపించారు. గుండె కండరంలో ఆ అంకె 20కి పైన ఉంటే ఫరవాలేదు. 20 నుంచి 10 మధ్య ఉంటే ఇనుము చేరుతోందని అర్థం. 10 కంటే దిగితే, ఆ మనిషి మెట్లు ఎక్కగలుగుతున్నా సరే, గుండె ప్రమాదం అంచున ఉన్నట్టు. ఈ పరీక్ష వచ్చాక, గుండెలో ఇనుము ఉందని ముందే తెలిసినవాళ్లకు గట్టి మందు మొదలుపెట్టడంతో బ్రిటన్‌లో తలసీమియా మరణాలు బాగా తగ్గాయి. అంతకుముందు గుండె బలహీనపడి ఎకోలో, అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్‌లో, తేడా కనిపించేదాకా ఎవరికీ తెలిసేది కాదు. అప్పటికి చాలామంది విషయంలో చెయ్యి దాటిపోయేది.

స్కాన్ గదిలో జరిగేది కూడా కాస్త చెప్పనివ్వండి. ఎందుకంటే గుండెకు ఎంఆర్‌ఐ అనగానే అదేదో పెద్ద పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో చేసే పని అన్న భయం రోగులకు, కొందరు డాక్టర్లకు కూడా ఉంది. ఇంజెక్షన్ ఉండదు, రంగు మందు ఎక్కించక్కర్లేదు. ఎక్స్‌రే కిరణాలూ ఉండవు. ఛాతీ మీద సిగ్నల్ అందుకునే కాయిల్ పెట్టి, ఈసీజీ తీగలు అంటించి లోపలికి పంపుతాం. ఊపిరి వదిలి కాసేపు ఆపమంటాం. ఆ ఒక్క ఊపిరిలోనే గుండెకు అడ్డంగా ఒకే కోత మీద ఎనిమిది బొమ్మలు వస్తాయి, ఒక్కోటి ముందుదాని కంటే కాస్త ఆలస్యంగా. ఇనుము లేని గుండె కండరం ఎనిమిదో బొమ్మలో కూడా బూడిద రంగులో కనిపిస్తుంది. ఇనుము నిండిన కండరం రెండో బొమ్మకో మూడో బొమ్మకో నల్లగా మారిపోతుంది. అంకెలు చూడక్కర్లేకుండానే మాకు అర్థమైపోతుంది. తర్వాత గుండె కింది గదులైన కుడి ఎడమ జఠరికల మధ్య గోడ మీద గీత గీసి లెక్క తీస్తాం. మధ్య గోడే ఎందుకంటే, బయటి గోడను ఆనుకుని ఊపిరితిత్తుల్లోని గాలి ఉంటుంది, అది లెక్కను చెడగొడుతుంది. కాలేయానికీ ఇదే పద్ధతి, దానికి ఈసీజీ కూడా అక్కర్లేదు. రెండూ కలిపి ఇరవై నిమిషాల పని. నడుము నొప్పికి తీసే స్కాన్‌కు పట్టేంత సేపు.

కష్టమల్లా ఊపిరి ఆపడంలో ఉంది. రక్తం తక్కువున్న మనిషికి ఊపిరి బిగబట్టడం తేలిక కాదు. పైగా మా ప్రాంతం నుంచి వచ్చే పెద్దవాళ్లు కొందరికి తెలుగు అంతంతమాత్రం. ఆ గొట్టంలో, ఆ చప్పుడులో, మైకులోంచి వచ్చే తెలుగు మాట వాళ్లకు ఏం అర్థమవుతుంది? నేను ఆదివాసీ ఒడియాలో చెబుతాను. ముందు బయట బల్ల మీద కూర్చోబెట్టి, చెయ్యి నా పొట్ట మీద పెట్టించి, ఎలా వదలాలో ఎక్కడ ఆపాలో చూపిస్తాను. అలా చేస్తే కుదరని వాళ్లు చాలా తక్కువ. ఏ ఆసుపత్రిలో ఈ పరీక్ష మొదలుపెట్టినా ఇలాంటి మనిషి ఒకరు అక్కడ ఉండాలి.

ఇంకో సాంకేతిక విషయం. ఈ లెక్కలన్నీ 1.5 టెస్లా మిషన్ మీద తీసినవి, టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత. 3 టెస్లా మిషన్ మీద తీస్తే అంకె దాదాపు సగానికి పడిపోతుంది. పెద్ద మిషన్ కదా, రిపోర్టు ఇంకా బాగుంటుందని అనుకుని వెళ్లి, 3 టెస్లా అంకెను 1.5 టెస్లా కొలతతో పోల్చుకుని బెంబేలెత్తిన కుటుంబాన్ని నేను చూశాను. కాబట్టి రిపోర్టులో ఏ మిషన్ మీద తీశారో రాయించుకోండి. మరోసారి తీయిస్తే అలాంటి మిషన్ మీదే, వీలైతే అదే సెంటర్‌లో తీయించండి.

చెల్లి విషయంలో ఏమైందో చెబుతాను. ఒకసారి ఆమెకు మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. ఎకో చేస్తే గుండె ఎడమ గది పెద్దదైందని వచ్చింది. అన్నేళ్లుగా ఎక్కించిన రక్తం గుర్తొచ్చి ఇనుము గుండెకు చేరిపోయిందనే అనుకున్నాం. ఆ టెన్షన్‌లో అమ్మ అన్నం మానేసింది. ఆసుపత్రిలో అడిగితే ఆ స్కాన్ ఇక్కడ చేయరు, బయట చూసుకోండి అన్నారు. నేను పనిచేసే చోట రేడియాలజిస్టు గారిని అడిగాను. ఆ సీక్వెన్స్, అంటే ఆ స్కాన్ తీసే ప్రోగ్రాం, మా మిషన్లో ఉంది, వాడేవాళ్లు లేక అలా పడి ఉంది. ఆ రోజు పేషెంట్లంతా అయిపోయాక చెల్లిని పడుకోబెట్టాం. కాలేయం మొదటి బొమ్మలోనే నల్లగా వచ్చింది. లెక్క తీస్తే ఎండు బరువున గ్రాము కాలేయానికి 17 మిల్లీగ్రాముల ఇనుము. మామూలుగా అది 2 కూడా ఉండకూడదు, 15 దాటితే తీవ్రమైన స్థాయి. గుండె బొమ్మలు ఎనిమిదీ బూడిద రంగులోనే ఉన్నాయి. టీ2 స్టార్ 32. గుండెలో ఇనుము లేదు.

మరి గుండె ఎందుకు పెద్దదైంది? ఏళ్ల తరబడి రక్తం తక్కువుండడం వల్ల. ఉన్న కొద్ది రక్తాన్నే ఎక్కువసార్లు తిప్పి ఒంటికి ప్రాణవాయువు అందించాలి కాబట్టి సికిల్ సెల్ వాళ్ల గుండె సాగుతుంది, గోడలు బిగుసుకుంటాయి, కొందరికి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఇనుముతో సంబంధం లేకుండానే ఇదంతా జరుగుతుంది. ఎకో గుండె ఆకారాన్ని, పనితీరును చూపిస్తుంది, లోపల ఇనుము ఉందో లేదో చెప్పలేదు. ఆ తేడా తెలిస్తే వైద్యం దారే మారుతుంది. చెల్లికి డాక్టరు గారు ఇనుము తీసే మందును కాలేయం లెక్కన, ఆమె బరువును బట్టి సరిచేశారు. గుండెకు వేరే వైద్యం మొదలుపెట్టారు. ఏడాది తర్వాత మళ్లీ తీస్తే కాలేయం 11కు దిగింది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. సికిల్ సెల్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏటా గుండె ఎంఆర్‌ఐ తీయాలని నేను అడగట్లేదు. లాస్ ఏంజెలిస్‌లోని పిల్లల ఆసుపత్రి వైద్యులు 2004లోనే చూపించారు, కాలేయంలో తలసీమియా వాళ్లంత ఇనుము ఉన్నా సికిల్ సెల్ వాళ్ల గుండెలోకి అది అంతగా వెళ్లదని. అమెరికన్ సొసైటీ ఆఫ్ హెమటాలజీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అదే దారిలో ఉన్నాయి. క్రమంగా రక్తం ఎక్కించుకునే వాళ్లకు ఫెర్రిటిన్‌ మీదే ఆధారపడకుండా ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కాలేయానికి ఎంఆర్‌ఐ తీయమన్నాయి. గుండెకు అందరికీ అక్కర్లేదు, కాలేయంలో 15 పైన ఇనుము రెండేళ్లో అంతకు మించో నిలిచిపోయినవాళ్లకు, ఇనుము వల్ల అవయవాలు దెబ్బతిన్నవాళ్లకు, గుండె పనితీరులో తేడా కనిపించినవాళ్లకు తీయమన్నాయి. నాకు ఇది సబబుగానే తోస్తుంది. డబ్బూ మిషన్ టైమూ తక్కువున్న చోట, అందరికీ కాలేయం, అవసరమున్నవాళ్లకు గుండె అంటే ప్రభుత్వానికి కూడా మోయలేని భారం కాదు.

అవసరం ఉన్నవాళ్లంటూ ఉన్నారు, అదీ మర్చిపోకూడదు. ఒడిశా సరిహద్దు నుంచి వచ్చిన ఒక యువకుడికి తీసినప్పుడు మధ్య గోడ మూడో బొమ్మకే నల్లబడిపోయింది. అతనిది తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి సికిల్, మరొకరి నుంచి బీటా తలసీమియా వచ్చి కలిసిన జబ్బు. చిన్నప్పటి నుంచి రక్తం ఎక్కించుకుంటున్నాడు, ఇనుము తీసే మందు ఎప్పుడూ సరిగ్గా వాడలేదు. పైకి చూస్తే మనిషి బాగానే ఉన్నాడు, బస్సు దిగి తనంతట తనే నడిచొచ్చాడు. ఆ రాత్రే రేడియాలజిస్టు గారు అతని డాక్టరుకు ఫోన్ చేశారు.

మందుల గురించి కూడా రాయాలి, ఎందుకంటే మందు అందని చోట స్కాన్ తీసి లాభం లేదు. ఇనుమును పట్టి బయటికి తెచ్చే మందులు ప్రధానంగా మూడు. డెస్ఫెరాక్సమిన్‌ను పంపుతో చర్మం కింద రాత్రంతా, వారానికి ఐదారు రాత్రులు ఎక్కించుకోవాలి. మా కొండ ఊళ్లలో అది కుదిరే పని కాదు. డెఫెరాసిరాక్స్ మాత్ర రోజుకోసారి వేసుకుంటే చాలు. నీళ్లలో కరిగే రకం చెల్లి వాడింది. గాజు గ్లాసులో వేసి తిప్పుతూ ఉండాలి, సున్నపు నీళ్లలా అవుతుంది. తాగాక అడుగున తెల్లటి పొడి మిగులుతుంది, అందులో మళ్లీ నీళ్లు పోసి అదీ తాగాలి. లేకపోతే మందు సగం గ్లాసుకే అంటుకుని ఉంటుంది. ఈ సంగతి మాకు ఏ మందుల షాపులోనూ చెప్పలేదు. కడుపులో మంట వస్తుంది, కిడ్నీ పరీక్ష క్రమంగా చేయించాలి. మూడోది డెఫెరిప్రోన్, గుండెలోని ఇనుము మీద బాగా పనిచేస్తుంది. మన దేశంలో 1990ల నుంచే దొరుకుతోంది. దానితో కొందరికి తెల్ల కణాలు ప్రమాదకరంగా పడిపోతాయి కాబట్టి రక్త పరీక్ష తరచూ చేయిస్తూ ఉండాలి, జ్వరం వస్తే వెంటనే మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ఇది వాడితే మూత్రం ఎర్రగా వస్తుంది, బయటికి పోతున్న ఇనుము రంగది. చెప్పేవాళ్లు లేక, రక్తం పోతోందని భయపడి మాత్రలు పారేసిన తల్లిదండ్రులు ఉన్నారు. ఒక్క వాక్యం చెబితే ఆగే నష్టం ఇది.

హైడ్రాక్సీయూరియా సంగతి ఇంకా ముఖ్యం. నొప్పులు తగ్గించే ఈ మందును క్రమంగా వాడేవాళ్లలో చాలామందికి రక్తం ఎక్కించే అవసరమే తగ్గుతుంది. ఎక్కించని రక్తంతో ఇనుము రాదు. జిల్లా ఆసుపత్రుల్లో ఆ మాత్రలు నెల ఉండి నెల లేకపోతే, ఆ లోటు చివరికి రక్తం సంచుల్లోంచి కాలేయంలోకి చేరుతుంది.

ఆశ్రమ పాఠశాలల్లో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రల గురించి అధికారులు ఆలోచించాలి. మంచి పథకమే, రక్తహీనత మన పిల్లల్లో చాలా ఎక్కువ. కానీ నీలం మాత్ర ఒక్కోదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పాలిపోయిన పిల్లను చూడగానే ఈమెకు ఇంకో మాత్ర ఇవ్వండి అనడం సహజం. ఆ పిల్ల సికిల్ సెల్‌తో నెలనెలా రక్తం ఎక్కించుకుంటున్నదైతే ఆ మాత్ర ఆమెకు అక్కర్లేదు, ఫోలిక్ యాసిడ్ చాలు. అలాగని సికిల్ సెల్ ఉన్నవాళ్లందరికీ ఐరన్ విషమనీ అనలేం. రక్తం ఎప్పుడూ ఎక్కించుకోని వాళ్లలో నిజంగానే ఐరన్ లోపం ఉండొచ్చు. పరీక్ష చేసి ఇవ్వాలి, అంతే. వార్డెన్ దగ్గర ఉండే రిజిస్టర్‌లో ఆ పిల్లల పేర్ల పక్కన చిన్న గుర్తు పెడితే సరిపోతుంది.

రేషన్ బియ్యంలో కలిపే ఇనుము గురించి కూడా మా ఊళ్లలో చాలా భయం ఉంది. కిలో పోషక బియ్యంలో ఉండేది 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు, అందులో ఒంటికి పట్టేది కొద్ది భాగమే. దాని మీద జరిగినంత చర్చ, ఒక్కో రక్తం సంచితో 200 మిల్లీగ్రాములకు పైగా నేరుగా నరంలోకి వెళ్తున్న ఇనుము మీద ఎందుకు జరగలేదో నాకు అంతు చిక్కదు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాదోల్‌లో ప్రధాని జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించారు. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును రూపుమాపాలని లక్ష్యం పెట్టుకున్నారు. మా ఊళ్లోనూ వేలి మొన గుచ్చి పరీక్ష చేశారు, కార్డులు ఇచ్చారు. ఆ కార్డు నా చేతిలో ఉంది. జబ్బు ఉందో, లేక జబ్బు లేకుండా దాన్ని పిల్లలకు అందించగల వాహకులో అన్నది అందులో ఉంది. ఇప్పటిదాకా ఎన్ని యూనిట్ల రక్తం ఎక్కిందో రాసే చోటు లేదు. జబ్బు ఉన్నవాళ్ల కార్డు వెనక ఎక్కిన యూనిట్లు, చివరి ఫెర్రిటిన్, చివరి స్కాన్ తేదీ అని ఒక చిన్న పట్టిక వేస్తే, పాడేరులో చూసిన డాక్టరుకూ విశాఖలో చూసిన డాక్టరుకూ ఒకే లెక్క కనబడుతుంది. మామూలుగా 10 నుంచి 20 యూనిట్లు దాటాక ఇనుము గురించి పట్టించుకోవాలంటారు. మా వైపు చాలామందికి తమకు ఎన్ని ఎక్కాయో తెలియదు. ఒకసారి పాడేరు, ఒకసారి నర్సీపట్నం, ఒకసారి విశాఖ, ఎక్కడ రక్తం దొరికితే అక్కడ ఎక్కించుకుని వస్తారు. కాగితాలు వానకు తడిసిపోతాయి, పొగకు నల్లబడిపోతాయి.

సికిల్ సెల్ వాళ్లకు మన రాష్ట్రంలో నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో కూడా ఈ జబ్బును చేర్చారు. మా ఇంటికి ఆ పింఛను ఎంత ఆసరానో మాటల్లో చెప్పలేను. కానీ బయట ఒక్క స్కాన్‌కు అడిగే డబ్బు, ఘాట్ దిగి వచ్చి రాత్రికి ఎక్కడో ఉండే ఖర్చు, తోడు వచ్చిన మనిషి కూలి పోవడం, అన్నీ అందులోంచే పోవాలంటే చాలదు. అందుకే జనం స్కాన్ మానేసి మందులు కొనుక్కుంటారు. లేదా రెండూ మానేస్తారు.

నేను అడిగేది కొత్త మిషన్లు కాదు. పాడేరులో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. రక్తం ఎక్కించుకునే వాళ్ల జాబితా, అక్కడి డాక్టర్లు ఏఎన్ఎంలతో కలిసి కూర్చుంటే తయారవుతుంది. విశాఖలో ఏదో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలోని 1.5 టెస్లా మిషన్‌ను నెలలో ఒక పూట వీళ్ల కోసం కేటాయించాలి. ఆ మిషన్లో టీ2 స్టార్ సీక్వెన్స్ లేకపోతే కంపెనీతో మాట్లాడి పెట్టించాలి. గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏ ఒక బండి ఏర్పాటు చేసి, రక్తం ఎక్కించుకునే రోజునే స్కాన్ కూడా అయ్యేలా చూస్తే కూలి పోదు, మరోసారి ఘాట్ దిగక్కర్లేదు. కాలేయం లెక్క ఎక్కువ వచ్చినవాళ్లకు, ఎకోలో తేడా ఉన్నవాళ్లకు అదే బల్ల మీద గుండె కూడా తీసేయొచ్చు. తెలంగాణలో ఉట్నూరు, భద్రాచలం వైపు రోగులకు హైదరాబాదు, వరంగల్‌లలో ఇలాగే చేయొచ్చు. హైదరాబాద్ శివరాంపల్లిలో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఈ రోగుల కోసం పనిచేస్తోంది. వాళ్ల అనుభవాన్ని ప్రభుత్వం అడిగి తీసుకోవాలి.

లెక్క తీయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేదని ఏ ఆసుపత్రీ ఆగిపోనక్కర్లేదు. ఎనిమిది బొమ్మల్లోని సిగ్నల్ అంకెలు ఎక్సెల్‌లో వేసుకుని వక్రరేఖ గీస్తే టీ2 స్టార్ వచ్చేస్తుంది. నేను వాడే షీటును, ఊపిరి నేర్పే పద్ధతిని ఏ ప్రభుత్వ ఆసుపత్రి టెక్నీషియన్‌కైనా నా సెలవు రోజున వచ్చి నేర్పుతాను. డబ్బులేమీ అక్కర్లేదు. నా ఫోన్ నంబరు, చిరునామా మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. అడిగినవాళ్లకు ఇవ్వండి. చెల్లి భవిష్యత్తు దృష్ట్యా పేరు మాత్రం ప్రచురించవద్దని మనవి.

భవదీయుడు,
ఒక ఎంఆర్‌ఐ టెక్నీషియన్,
విశాఖపట్నం